ఎనభై మీటర్ల బ్యాండు, మామా కీరా తోట

నేను కువైట్‌కు వచ్చింది ఎలక్ట్రీషియన్‌గా. ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, అలాగే రాసి ఉంటుంది. జగిత్యాలలో ఐటీఐ చదివి, ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేసుకుంటూ తిరిగేవాణ్ణి, వఫ్రాలో ఒక మజ్రాలో పనికి కుదిరాను. మజ్రా అంటే ఇక్కడ తోట. మోటార్లు, గ్రీన్‌హౌసుల ఫ్యాన్లు, జనరేటరు, బోరులో వచ్చే ఉప్పు నీళ్ళను మంచి నీళ్ళుగా మార్చే ఆర్వో ప్లాంటు, ఇవీ నా పనులని ఏజెంటు వివరంగా చెప్పాడు. కోణాల సంగతి మాత్రం చెప్పలేదు. పాపం, అతనికీ తెలిసుండదు.

మా కఫీల్‌ను అంటే వీసా ఇచ్చిన యజమానిని, అందరం బాబా అంటాం. కువైట్ సిటీలో ఏదో మినిస్ట్రీలో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. ఇక్కడ రిటైరైన పెద్దవాళ్ళకు తీరిక ఉండదు. ఒకరు డేగలను పెంచుతారు, ఒకరు ఒంటెలను పరుగు పందేలకు తీసుకుపోతారు. మా బాబా రేడియో పెట్టుకున్నాడు. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటే, ప్రపంచంలో ఎక్కడున్నా అలాంటి లైసెన్సే ఉన్న ఇంకొకరితో గాలిలో మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోవడం అన్నది కాస్త పెద్ద మాట. వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలిసేసరికి ఇరవై రోజులు మట్టి తవ్వి ఉన్నాను.

తోట మధ్యలో ఏసీ బిగించిన పోర్టాకేబిన్ ఒకటి. లోపల రేడియో, మైకు, గోడకు ప్రపంచ పటం, మాట్లాడిన ప్రతి దేశం మీదా ఒక గుండుసూది. పొట్టి అలల బ్యాండ్ల మీద బాబా ప్రపంచాన్ని ఎప్పుడో పూర్తి చేశాడు. మిగిలింది ఎనభై మీటర్ల బ్యాండు. అల పొడవే ఎనభై మీటర్లు కాబట్టి దానికి తీగ కూడా ఆ లెక్కనే పొడవు కావాలి. పగలు దాని మీద మాట గల్ఫు దాటి పోదు. పొద్దు గుంకేటప్పుడో, పొద్దు పొడిచేటప్పుడో, అన్నీ కలిసొస్తే దూర దేశం ఒకటి దొరుకుతుంది. సులువుగా దొరికేదైతే బాబాకు అక్కరే లేకపోయేది.

నేను చేరేసరికి పంపు రూము కప్పు నుంచి ఖర్జూరం చెట్టు దాకా నలభై మీటర్ల తీగ ఒకటి కట్టి ఉంది. ఎత్తు ఐదు మీటర్లు. ఎవరో తెలివైనవాడు బట్టలారేసుకోవడానికి అంత పైన కట్టాడేమో అనుకుని, మొదటి వారమే పంపు రూము మీదికెక్కి నా లుంగీ దాని మీద వేశాను. లుంగీ ఆరకముందే బాబా కేబిన్‌లోంచి బయటికొచ్చాడు. ఆ రోజు నేను నేర్చుకున్న అరబ్బీ మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

ఆ తీగతో దమ్మామ్ బ్రహ్మాండంగా వినబడేది. దమ్మామ్‌లో రిటైరైన పంతులు ఒకాయన ఉండేవాడు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయనా బాబా గంటసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. నాకు అరబ్బీ వచ్చిందంటే సగం ఆ మోకాళ్ళ పుణ్యమే. బహ్రెయిన్ వినబడేది, బస్రా పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టే వినబడేది. జపాను మాత్రం వినబడేది కాదు. అమెరికా అసలే కాదు. గోడ మీది పటంలో ఎనభై మీటర్లకని తెచ్చిన ఎర్ర గుండుసూదులన్నీ మా చుట్టుపక్కలే గుంపుగా నిలబడి ఉండేవి.

ఏడాది దాటాక ఒక రోజు బాబా నన్ను పిలిచి దిండంత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ముందు పెట్టాడు. అందులో ఒక బొమ్మ. కింద నేల గీత, దాని మీద నిటారుగా ఉబ్బిన బుడగ లాంటి ఆకారం, చుట్టూ అర్ధవృత్తంలో సున్నా నుంచి తొంభై దాకా అంకెలు. పక్క బొమ్మలో అదే బుడగ రెండుగా చీలి, చెరో వైపు నేలకు దగ్గరగా వాలి ఉంది. అక్కడ ఇరవై ఐదు అని ఉంది. బాబా మొదటి బుడగను వేలితో కొట్టేసి రెండో బుడగను చూపించి, "జావియా నీచే" అన్నాడు. జావియా అంటే అరబ్బీలో కోణం. నీచే హిందీ. ఇక్కడి పెద్దవాళ్ళు మాతో మాట్లాడే భాష సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చెయ్యి.

నాకు అర్థమైంది ఏమిటంటే, తీగను ఇరవై ఐదు డిగ్రీల వాలులో కట్టాలి. బాబాకు అర్థమైందీ అదే. ఆ తర్వాత నెలరోజుల పాటు ఆయన దాన్ని ఒప్పుకోలేదనుకోండి, అది వేరే విషయం. వాలు కొలవాలంటే కోణమానిని కావాలి. వఫ్రాలో ఎరువులు దొరుకుతాయి, గొర్రెల దాణా దొరుకుతుంది, కోణమానిని దొరకదు. శుక్రవారం నాడు షేరింగు కారెక్కి ఖైతాన్ బజారుకు పోయి, పుస్తకాల షాపులో పిల్లల జామెట్రీ బాక్సు ఒకటి కొన్నాను. షాపువాడు ఎన్నో తరగతి అని అడిగాడు. వ్యవసాయం అని చెప్పాను.

మరుసటి రోజు కోణమానినికి దారం కట్టి, దారానికి నట్టు వేలాడదీసి, నిచ్చెన మీద నిలబడి కొలిచాను. నలభై మీటర్ల తీగను ఇరవై ఐదు డిగ్రీలు వాల్చాలంటే ఒక కొసను పదిహేడు మీటర్లు పైకెత్తాలి. అంత ఎత్తు మా తోటలో ఏదీ లేదు. కాబట్టి పంపు రూము వైపు అలాగే ఉంచి, చెట్టు వైపు కొసను నేల దాకా దించాను. ఏడు డిగ్రీలు వచ్చింది. బాబా పుస్తకం చూసి, ఇరవై ఐదు కంటే ఏడు తక్కువ కాబట్టి ఇంకా మంచిదన్నాడు. ఇద్దరం చాలా సంతోషించాం.

మా తోటలో గొర్రెలు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. రాయచోటి దగ్గరి మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ఈ కుటుంబం దగ్గరే ఉన్నాడు. నేను కాకా అంటాను. ఆయన తన మందను తోలుకుంటూ వచ్చి, దించిన తీగ దగ్గర ఆగాడు.

"ఏంరా అబ్బీ, దీన్ని కిందికి దించితే అమెరికా వస్తాదంటనా?"

"బాబా దించుమన్నడు కాకా, దించిన."

"మా పొట్టేలు ఈడనే మేస్తాది. రేపు దాని కొమ్ములకు తగులుకుంటే నన్నడగొద్దు."

మూడో రోజు తగులుకుంది. పొట్టేలు తీగను లాక్కుని కాలువ దాకా పోయింది. ఆ సాయంత్రం బాబా అమెరికాను పిలుస్తుంటే, దమ్మామ్ పంతులు అడ్డమొచ్చి, ఈ రోజు నీ గొంతు కాస్త తగ్గిందేమిటి, జలుబా అని అడిగాడట.

ఆ వారంలోనే మామా తమ్ముడు వచ్చాడు. మామా అంటే బాబా భార్య. ఇక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు అలాగే పిలుస్తారు. ఆమె తమ్ముడు ఇంజినీరు, ఆయనకూ రేడియో లైసెన్సు ఉంది, సముద్రపు ఒడ్డున సెలవుల్లో ఉండే ఇల్లు ఉంది. దాన్ని షాలే అంటారు. పుణేలో చదువుకున్నవాడు కాబట్టి హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. ఆయన తీగను చూశాడు, దారం కట్టిన కోణమానినిని చూశాడు, కేబిన్ మెట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇది ఎవరి పని అని అడిగితే బాబా నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను.

నవ్వడం అయ్యాక ఇంజినీరు కేబిన్‌లో మనవళ్ళ రబ్బరు బంతి ఒకటి తీసుకుని పాఠం చెప్పాడు. ఆకాశంలో చాలా ఎత్తున ఈ అలలకు కప్పు లాంటి పొర ఒకటి ఉంటుందట. బంతిని నిటారుగా కప్పుకు కొట్టాడు. అది బాబా ఒళ్ళోనే పడింది. అది దమ్మామ్ అన్నాడు. తర్వాత ఏటవాలుగా విసిరాడు. కప్పుకు తగిలి గది అవతలి కొసకు పోయి, చాయ్ పట్టుకొస్తున్న కాకా భుజానికి తగిలింది. అది అమెరికా అన్నాడు. తీగ నేలకు ఇంత దగ్గరగా ఉంటే ఎటు వాల్చినా దాని బలమంతా నిటారుగా పైకే పోతుంది. కోణం తీగకు కాదు, తీగలోంచి బయలుదేరే అలకు. అడ్డంగా కట్టిన తీగతో ఆ కోణం కిందికి రావాలంటే దాన్ని నలభై మీటర్ల ఎత్తున కట్టాలి. అంటే పన్నెండంతస్తుల బిల్డింగు కావాలి. లేదంటే ఇరవై మీటర్ల గొట్టాన్ని నిలువుగా పాతి, దాని మొదట్లో గొడుగు పుల్లల్లా చుట్టూ నేలలో రాగి తీగలు పరవాలి. నిలువు గొట్టం తలపైకి ఏమీ పంపదు, అంతా పక్కలకే పంపుతుంది.

బాబా పుస్తకం మూసేసి, నాకు ఇదంతా ముందే తెలుసు, ఈ హిందీకి చెప్తే అర్థం కాలేదు అన్నాడు. ఇక్కడ హిందీ అంటే ఇండియా మనిషి. ఆ రాత్రి నుంచి ఆ దిండు పుస్తకాన్ని నా గదికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఫోనులో డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో మాటకూ పక్కన పెన్సిలుతో తెలుగులో అర్థం రాసుకుంటూ చదివాను. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినవాణ్ణి. పరీక్షలో ఇలాంటి పుస్తకం పెట్టి, ఎదురుగా ఒకరు కూర్చుని నవ్వి ఉంటే అప్పుడే పాసయ్యేవాణ్ణేమో.

చలికాలం మొదలైంది. అల్యూమినియం గొట్టాలు వచ్చాయి, రాగి తీగ చుట్టలు చుట్టలుగా వచ్చింది. అరవై తీగలు, ఒక్కోటి ఇరవై మీటర్లు, బెత్తెడు లోతున పాతాలి. గడ్డపార నాకు, పార కాకాకు. చోటు బాబాయే చూపించాడు. మామా కీరా గ్రీన్‌హౌసుల పక్కన ఖాళీ నేల. మొదటి రోజు పది తీగలు అయ్యాయి. రెండో రోజు గట్టి నేల తగిలి నాలుగు అయ్యాయి. మిగతా రోజులు మా పనులన్నీ చేసుకుని, మిగిలిన వేళలో తవ్వాం.

"చెట్టుకు వేర్లుంటాయి సరే. ఈ గొట్టానికెందుకప్పా ఇన్ని వేర్లు?" అన్నాడు కాకా, పార పక్కన పెట్టి నడుం పట్టుకుని.

"ఎండిన ఇసుక అలను మింగుతదట కాకా. గీ తీగలు పరిస్తే మింగదట."

"మింగితే మింగనీ. దానికి లేని అజీర్తి మనకెందుకు?"

నేను చదివిందంతా ఆయనకు వివరించాను. కాకా ఓపిగ్గా విన్నాడు. అంతా విని, మరి ఆ అమెరికాలో బాబాకు చుట్టాలున్నారా అని అడిగాడు. లేరన్నాను. ఆయన మళ్ళీ పార తీసుకున్నాడు.

గొట్టం నిలబెట్టిన రోజు పక్క మజ్రాల నుంచి ఎనిమిది మంది బెంగాలీలను పిలిచారు. తలా ఒక తాడు పట్టుకున్నాం. బాబా కుర్చీ వేసుకుని యల్లా యల్లా అంటూ నడిపించాడు. నాలుగోసారికి గొట్టం లేచి నిలబడింది. వఫ్రాలో అంత ఎత్తున్నది చుట్టుపక్కల ఇంకేదీ లేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు కార్లు ఆపి, ఫోన్ కంపెనీ టవరు వచ్చిందనుకుని సంతోషపడి పోయారు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే బాబా రేడియో ముందు కూర్చున్నాడు. నన్నూ కాకానూ కూడా లోపలికి రానిచ్చాడు. గరగరలోంచి ఒక గొంతు వచ్చింది. జపాను. బాబా మైకు దగ్గరికి లాక్కున్నాడు. తన లైసెన్సు నంబరు చెప్పాడు. అవతలి మనిషి దాన్ని తిరిగి చెప్పి, "ఫైవ్ నైన్" అన్నాడు. బాబా కూడా "ఫైవ్ నైన్" అన్నాడు. అవతల థాంక్యూ అన్నారు, ఇవతల థాంక్యూ అన్నారు. ఆ గొంతు వేరే ఎవరినో పిలుచుకుంటూ వెళ్ళిపోయింది.

అంతే. ఫైవ్ నైన్ అంటే నీ మాట చాలా స్పష్టంగా, చాలా గట్టిగా వినబడుతోందని అర్థమట. నిజానికి ఆ జపాను మనిషి బాబా నంబరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఒక్క ముక్క సరిగా వినబడకపోయినా ఫైవ్ నైన్ అనడం వాళ్ళ మర్యాద. ఇరవై రోజుల తవ్వకం, ఎనిమిది మంది బెంగాలీలు, అరవై రాగి తీగలు, చివరికి ఒక అబద్ధపు మార్కు. బాబా లేచి పటంలో జపాను మీద ఎర్ర గుండుసూది గుచ్చాడు. గుచ్చుతూ తిరిగి మా ఇద్దరి వైపు చూశాడు. పదో తరగతి రిజల్టు చూసుకున్న పిల్లవాడి మొహం అది. నవ్వుదామనుకున్నాను, ఎందుకో నవ్వలేకపోయాను.

ఆ చలికాలంలో ఆస్ట్రేలియా దొరికింది, దక్షిణాఫ్రికా దొరికింది. అందరూ ఫైవ్ నైనే. దమ్మామ్ మాత్రం పోయింది. కొత్త గొట్టం తలపైకి ఏమీ పంపదు కాబట్టి తలపై నుంచి వచ్చేదీ దానికి వినబడదు. అసర్ తర్వాత పంతులు గొంతు గరగర అడుగున దోమలా మూలిగేది. కొన్నాళ్ళకు ఆయన సెల్‌ఫోను చేసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాబా చాలా బాగుందనీ, ఈమధ్య జపానుతో తీరిక లేదనీ చెప్పాడు. పాత తీగను మళ్ళీ కట్టమంటారా అని నేను అడిగాను. బాబా ఆ మాట వినబడనట్టు జపాను మీది గుండుసూదిని సరిచేసుకున్నాడు.

అమెరికా రాలేదు. అది తెల్లవారుజామున, ఫజర్ నమాజు తర్వాత సూర్యుడు పైకొచ్చే లోపల రావాలి. బాబా నెల రోజులు ఆ వేళకు సిటీ నుంచి కారేసుకుని వచ్చాడు. వినబడీ వినబడకుండా అటు వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. ఈయన పిలుపు మాత్రం వాళ్ళకు చేరేది కాదు. ఒక రోజు ఇంజినీరు షాలే నుంచి ఫోన్ చేశాడు. చేపలు పట్టే గాలం కర్ర లాంటిదే ఒకటి, లాగితే ఇరవై మీటర్లు సాగేది, దానికి సన్నటి తీగ చుట్టి నీళ్ళ పక్కన నిలబెట్టాడట. నాలుగంటే నాలుగు తీగలు తడి ఇసుకలో పడేశాడట. అమెరికావాళ్ళు ఆరుగురు దొరికారట. ఎలా అని బాబా అడిగితే, ఉప్పు నీళ్ళ మహిమ, అలకు ఉప్పు నీళ్ళు అద్దం లాంటివి అన్నాడట.

బాబా రెండు రోజులు రేడియో ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున ఆర్వో ప్లాంటు దగ్గరికి వచ్చి, ఇందులోంచి బయటికి పోయే నీళ్ళు ఉప్పువేనా అని అడిగాడు. అవునన్నాను. మంచి నీళ్ళు ఇటు తీసుకోగా, మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్ళు కంచె అవతలి గుంటలోకి పోతాయి. బాబా ఆ పైపును చూపించి, తర్వాత తన గొట్టాన్ని చూపించాడు.

నేను రైతు కొడుకును. ఉప్పు నేలను ఏం చేస్తుందో నాకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. పక్కనే కీరా ఉంది బాబా అన్నాను. కీరా గ్రీన్‌హౌసు లోపల ఉంది, నీళ్ళు బయట ఉంటాయి అన్నాడు. నీళ్ళకు ఆ సంగతి తెలియదని చెప్పడానికి నాకు అరబ్బీ చాలలేదు. హిందీ చాలేది, ధైర్యం చాలలేదు. పైపు తిప్పాను.

రెండు వారాలు ఉప్పు నీళ్ళు పారాయి. నేల తెల్లగా పెచ్చు కట్టింది. మొదట సంతోషించినవి గొర్రెలు. మంద మొత్తం వచ్చి ఆ తెల్ల పెచ్చును నాకుతూ, నీళ్ళకు మట్టి పోయి బయటపడ్డ రాగి తీగలను కొరికి లాగేవి. కాకా వాటిని తోలలేక నన్ను తిట్టేవాడు. రాగి ఆకుపచ్చగా చిలుము పట్టింది. అమెరికా నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ వారమే పుస్తకంలో ఇంకో అధ్యాయం చదివాను. గొట్టం మొదట్లో ఇరవై మీటర్ల నేల బాగుంటే చాలదట. అల బయలుదేరి తక్కువ కోణంలో లేవాలంటే ముందు కిలోమీటరు దాకా నేల బాగుండాలట. అలాంటి నేల ప్రపంచంలో సముద్రం ఒక్కటే. మజ్రాను కిలోమీటరు దాకా ఉప్పు చేయాలేమో అన్న ఆలోచన బాబాకు రాకముందే పుస్తకం మూసి దాచిపెట్టాను.

మామా ప్రతి శుక్రవారం సిటీ నుంచి వస్తుంది. తోట ఆమె తండ్రిది, ఇప్పుడు ఆమెది. ఈ సంగతి బాబా సాధారణంగా గుర్తు పెట్టుకోడు. కీరా కాయలను పెట్టెల్లో సర్దించి అక్కచెల్లెళ్ళకు పంపడం ఆమెకు ఇష్టం. ఆ శుక్రవారం గ్రీన్‌హౌసులోకి వెళ్ళి వెంటనే బయటికొచ్చింది. గోడ వైపు మూడు వరుసల్లో ఆకుల అంచులు కాలినట్టు మాడిపోయి ఉన్నాయి. ఆమె అరవలేదు. తెల్ల నేలను చూసింది, పైపును చూసింది, నన్ను పిలిచి పైపు తిప్పింది ఎవరని అడిగింది.

నేనే అన్నాను.

ఎవరు చెప్తే అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. అప్పుడు బాబా కేబిన్ మెట్ల మీద నుంచి, చేతులు రెండూ చాచి, "హిందీ, మాఫీ ముఖ్" అన్నాడు. వీళ్ళకు మెదడు లేదు అని. ఆయన మంచి నీళ్ళ పైపు వేయమంటే నేను ఉప్పు నీళ్ళది వేశానట.

మాఫీ ముఖ్ అనే మాట కువైట్‌లో రోజుకు పదిసార్లు వింటాం. చెవి దాటి లోపలికి పోదు. ఆ రోజు పోయింది. ఆ దిండు పుస్తకంలో నాలుగు వందల పేజీలు పెన్సిలుతో తెలుగు చేసుకుని ఉన్నాను మరి.

మాట్లాడింది కాకా. ఆయన మామా ముందు నోరెత్తగా నేను చూడలేదు, పంతొమ్మిదేళ్ళలో ఇంకెవరూ చూడలేదట. గొర్రెల మధ్యలోంచి నడిచి వచ్చి, తనకు వచ్చిన వంకర అరబ్బీలో చెప్పాడు. బాబా ఉప్పు కావాలన్నాడు. అమెరికా కోసం. ఈ అబ్బాయి కీరా చచ్చిపోతుందన్నాడు. బాబా వినలేదు. చెప్పేసి, మళ్ళీ వెళ్ళి గొర్రెల మధ్య నిలబడ్డాడు. నాతో తెలుగులో మెల్లగా, "పంపిస్తే పంపిస్తారు. పంతొమ్మిదేండ్లు చాలు లేరా అబ్బీ," అన్నాడు.

మామా భర్త వైపు ఒకసారి చూసి, "ఖలాస్" అంది, ఇంక చాలు అని. వచ్చే శుక్రవారానికి తన తోటలో ఆ గొట్టం కనబడకూడదంది. కాకాను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. వెళ్ళేముందు మామా ఆయనతో చాయ్ పెట్టించుకుని తాగి మరీ వెళ్ళింది.

గొట్టాన్ని దించడానికి నలుగురం సరిపోయాం. దించేటప్పుడు కుర్చీ వేసుకుని యల్లా అనేవాళ్ళు ఎవరూ లేరు. తర్వాత నేనూ కాకా ఆ నేల మీది ఉప్పు మట్టిని జానెడు లోతు చెక్కి, తోపుడు బండిలో కంచె అవతల పోసి, మంచి మట్టి తెచ్చి నింపాం. రెండు నెలలు పట్టింది. ఆ పనికి ఎవరూ ఫైవ్ నైన్ ఇవ్వలేదు. పాత తీగను మాత్రం మొదటి వారమే చెట్టుకు కట్టేశాను, నన్ను ఎవరూ అడగకుండానే. బాబా చూశాడు, వద్దనలేదు. మరుసటి రోజు అసర్ తర్వాత దమ్మామ్ పంతులు మోకాలి ఆపరేషన్ గురించి గంటంబావు చెప్పాడు. బాబా మధ్యలో ఒక్కసారి కూడా జపాను పేరెత్తలేదు.

మళ్ళీ చలికాలం వచ్చాక ఒక సాయంత్రం బాబా నన్ను కేబిన్‌లోకి పిలిచాడు. నేను తిరిగి తెచ్చి పెట్టిన పుస్తకం తెరిచి ఉంది. అంచుల నిండా నా పెన్సిలు రాతలు. కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు పేజీలు తిప్పి, తన పక్కనున్న కుర్చీ చూపించాడు. మూడేళ్ళలో ఆ కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. కోణం గురించి ఇది ఏం చెప్తోంది అని అడిగాడు. మాఫీ ముఖ్ అన్నందుకు మాఫీ అడుగుతాడేమో అని ఒక నిమిషం ఎదురుచూశాను. అది ఆయన బ్యాండులో లేదు. సముద్రం కావాలి బాబా అని చెప్పాను. సముద్రం అంటే ఎవరి షాలేనో ఇద్దరికీ తెలుసు. బావమరిదిని అడగడం కంటే అమెరికాకు ఈదుకుంటూ పోవడం సులువన్నట్టు పెట్టాడు మొహం. పది రోజుల తర్వాత అడిగాడు.

షాలే దగ్గర నీళ్ళకు అడుగు దూరంలో, రెయిలింగుకు ఆనించి కర్రను నేను కట్టాను. తీగ కొలతలు నేను తీశాను. ఇంజినీరు చూసి, ఈసారి కోణమానిని తేలేదా అని అడిగాడు. కర్ర నిటారుగా ఉందో లేదో మీ కన్నుతో చూసి చెప్పండి, అది చాలు అన్నాను. ఆయన నిజంగానే ఒక కన్ను మూసి చూసి, కొంచెం ఎడమకన్నాడు.

ఫజర్ నమాజు చేసుకుని బాబా కూర్చున్నాడు. నీళ్ళ మీద వెలుగు ఇంకా రాలేదు. మూడో పిలుపుకు జవాబొచ్చింది. ముసలి గొంతు, అమెరికా తూర్పు తీరం. అలవాటు ప్రకారం ఫైవ్ నైన్ అని పోతాడనుకున్నాను. ఆ మనిషికి తీరిక ఎక్కువున్నట్టుంది. కింది గదిలో కూర్చున్నాననీ, బయట మంచు కురుస్తోందనీ, పొద్దున్నే దారి మీది మంచును పారతో తీయాలనీ చెప్పాడు. కువైట్‌ను ఈ బ్యాండులో ఇంత బాగా ఎప్పుడూ వినలేదు, ఏం కట్టారు అని అడిగాడు. బాబా ఇంగ్లీషులో నిలువు తీగ అని, సముద్రం పక్కన అని చెప్పి, ఒక క్షణం ఆగి, "వీ మేడ్ ఇట్" అన్నాడు. ఇంజినీరు తన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చలికే అయ్యుంటుంది.

నన్ను మైకు ముట్టుకోనివ్వలేదు. లైసెన్సు లేనివాడు మాట్లాడటం నేరమట. కర్ర కట్టడానికి లైసెన్సు అక్కరలేదు.

ఎండ వచ్చాక బయట మెట్ల మీద కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని నా భార్య అడిగింది. అమెరికా మాట్లాడిందని చెప్పాను. గీత గీసి చూపించలేను కాబట్టి, కప్పు నుంచి బంతి దాకా, ఉప్పు నుంచి సముద్రం దాకా, మొత్తం మాటలతోనే చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ చివరిదాకా విన్నది.

"గా ముసలాయినకు ఫోన్ లేదా?" అని అడిగింది.

ఉందనే అనుకుంటానన్నాను.

"మరి ఫోన్ జేస్తే అయిపోవు గద."

నేను ఇంకోసారి మొదటి నుంచి చెప్పడానికి నోరు తెరిచాను. లోపలి నుంచి బాబా పిలిచాడు, కర్ర గాలికి ఊగుతోందట. తర్వాత చేస్తానని చెప్పి, తాడు పట్టుకోవడానికి లేచాను.